మోటారు గది తాళం

జర్మనీలో ఉద్యోగంలో చేరిన మన కుర్రాళ్లు చలికి తొందరగానే అలవాటు పడతారు. ఆఫీసు లాప్‌టాప్‌కి మాత్రం నెలలు గడిచినా అలవాటు పడరు. ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. హైదరాబాద్‌లో తన మెషీన్ మీద తానే రాజులా ఉన్నవాడికి, ఇక్కడ పీడీఎఫ్ రీడర్ కోసం ఐటీ విభాగానికి టికెట్ పెట్టి ఎదురుచూడాలంటే ఉక్రోషం రాదా మరి!

ఈ తగువులో నేను ఐటీ వాళ్ల పక్షమే, సగం వరకు. మామూలు ఖాతాతో పనిచేసేవాడు పాడు అటాచ్‌మెంట్ తెరిస్తే, నష్టం అతని ఫైళ్ల దగ్గర ఆగే అవకాశం ఉంటుంది. అడ్మిన్ ఖాతాతో తెరిస్తే మెషీన్ మొత్తం చేయి దాటిపోవచ్చు. కాబట్టి హక్కులు తీసేయడం న్యాయమే. అయితే ఇంటి ఓనరు మోటారు గది తాళం తన దగ్గరే పెట్టుకుంటే, పొద్దున్నే ట్యాంకు నింపే పూచీ కూడా ఆయనదే. ఆ సంగతి చాలామంది ఓనర్లకు గుర్తుండదు.

విండోస్‌లో ఒక ప్రమాదకరమైన లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న విడుదల చేసింది. మే 12న అదే లోపం గుండా చొరబడే వాన్నాక్రై అనే దాడి ప్రోగ్రాం వచ్చింది. మధ్యలో దాదాపు రెండు నెలలు. జర్మన్ రైల్వే డాయిచె బాన్ స్టేషన్లలో, రైళ్ల వేళలు చూపించే బోర్డుల మీద డబ్బు డిమాండు చేసే ఎర్రటి కిటికీ తెరుచుకుంది. ప్రయాణికులు ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు. రైళ్లు మాత్రం తిరిగాయి. నెట్‌వర్క్‌లో ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి దానంతటదే పాకే పురుగది, ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు. ప్లాట్‌ఫారం మీద వేలాడే బోర్డుకి పాస్‌వర్డ్ కొట్టే ఉద్యోగి ఎవరుంటారు? దాన్ని అప్‌డేట్ చేయాల్సింది ఎక్కడో కూర్చున్న ఐటీ విభాగమే.

అడ్మిన్ హక్కు లేనివాడి మెషీన్‌కి అప్‌డేట్ చేర్చే ఉపాయం లేక కాదు. మొజిల్లా 2012లో ఫైర్‌ఫాక్స్ 12తో పాటు విండోస్‌కి ఒక చిన్న సర్వీసు తెచ్చింది. మొదటిసారి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్మిన్ అనుమతిస్తే చాలు. తర్వాత అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది లేచి, వచ్చిన ఫైలు మీద మొజిల్లా సంతకం సరిగ్గా ఉందో లేదో చూసి, పని కానిచ్చి మళ్లీ పడుకుంటుంది. వాడేవాడికి ఏ హక్కూ ఇవ్వనక్కర్లేదు. చాలా ఆఫీసుల్లో దీన్నే కట్టేస్తారు. పాలసీ ఫైల్లో డిజేబుల్ యాప్ అప్‌డేట్ అని ఒక్క లైను రాస్తే ఫైర్‌ఫాక్స్ అప్‌డేట్ వెతకడం మానేస్తుంది. మేమే పరీక్షించి పంపిస్తాం అన్న మంచి ఉద్దేశంతోనే ఆ లైను రాస్తారు. పరీక్షించాల్సిన మనిషి సెలవులో వెళ్తాడు, లేదా ఉద్యోగమే మారతాడు. లైను మాత్రం అక్కడే ఉంటుంది. నా దృష్టిలో కట్టిపెట్టి మరిచిపోయిన అప్‌డేట్ కన్నా, ఎవరినీ అడక్కుండా వచ్చిపడే అప్‌డేటే నయం.

ఇలా ఐటీ విభాగమే ఒకచోటు నుంచి అన్ని మెషీన్లకూ పంపే పనిముట్లు కొన్ని జర్మనీలోనే తయారయ్యాయి. మైంజ్‌లోని చిన్న సంస్థ యూఐబీ తెచ్చిన ఆప్సీ విండోస్ మెషీన్లకు సాఫ్ట్‌వేర్ పంచుతుంది. ఉద్యోగి సాయంత్రం షట్‌డౌన్ కొట్టినప్పుడు ఇన్‌స్టాల్ చేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. లినక్స్ మెషీన్లకు కొలోన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఎఫ్‌ఏఐ ఉంది. లినక్స్‌కి మారాలని 2003లో తీర్మానించిన మ్యూనిక్ నగరపాలక సంస్థ, దాదాపు 15,000 మెషీన్లకు ఎఫ్‌ఏఐనే నమ్ముకుంది. 2017లో మళ్లీ విండోస్ అంది. లినక్స్ ఓడిందని ఊరంతా అనుకున్నారు గానీ, అంతకుముందు ఏడాది నగరమే తెప్పించుకున్న, సలహా సంస్థ యాక్సెంచర్ నివేదిక సాంకేతిక లోపాల కన్నా ఐటీ నిర్వహణ తీరునే ఎక్కువ తప్పుపట్టింది. ఎవరి బాధ్యత ఎక్కడిదాకానో తేలకపోతే ఏ పనిముట్టయినా అంతే.

ఆటోమేటిక్ అనగానే అందరూ 2024 జూలై 19 గుర్తుచేస్తారు. కంప్యూటర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక పాడు ఫైలు ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ మెషీన్లను పడుకోబెట్టింది. బెర్లిన్ విమానాశ్రయంలో ఆ ఉదయం విమానాలు ఆగిపోయాయి. కీల్, ల్యూబెక్‌లలోని విశ్వవిద్యాలయ ఆసుపత్రి అత్యవసరం కాని ఆపరేషన్లు రద్దు చేసింది. మందు తేలికే: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైలు చెరిపేయాలి. దానికి అడ్మిన్ హక్కు కావాలి, డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉంటే ఆ కీ కూడా కావాలి. ఉద్యోగి దగ్గర రెండూ ఉండవు. ఐటీ మనిషి బల్లబల్లకీ తిరగాల్సిందే. అందరికీ ఒకేసారి పంపడమే ఆ రోజు జరిగిన తప్పు. ముందు పది మెషీన్లకు పంపి, పూట గడిచాక వందకి, మర్నాడు మిగతావాటికి పంపితే ఆలస్యం ఒక్క రోజే. ఆ ఒక్క రోజుకి భయపడి అప్‌డేట్లే ఆపేసేవాళ్లతో నాకు పేచీ.

అప్‌డేట్లు అలా ఆగిపోకుండా అడిగేందుకు జర్మనీలో ఉద్యోగికి మన దేశంలో లేని ఒక దారి ఉంది. ఉద్యోగుల ప్రవర్తనను గమనించగల సాంకేతిక ఏర్పాటు ఏది పెట్టాలన్నా, 1972 నాటి చట్టం 87వ సెక్షన్ ప్రకారం ఉద్యోగుల మండలి బెట్రీబ్స్‌రాట్ ఉన్నచోట యాజమాన్యం దానితో ఒప్పందానికి రావాలి. ఏ మెషీన్ ఎప్పుడు ఆన్ అయిందో రాసుకునే అప్‌డేట్ సాధనం కూడా ఆ చర్చకు రావచ్చు. మమ్మల్ని ఎంత చూస్తారని మండలి ఎటూ అడుగుతుంది. తీవ్రమైన లోపానికి అప్‌డేట్ వచ్చాక ఎన్ని రోజుల్లో మా మెషీన్లలోకి చేరుస్తారు, రీస్టార్ట్ వేళ ఎంచుకునే వీలు మాకు ఉంటుందా అని కూడా అడిగి, ఆ గడువును ఒప్పందంలో రాయించుకోవాలి.