ముప్ఫై రెండెకరాల లెక్క

హిందూ ధర్మశాస్త్రమా, ముస్లిం షరియతా, ఆడపిల్లకు ఏది ఎక్కువ న్యాయం చేసిందన్న వాదం మొదలైతే దానికి అంతూ పొంతూ ఉండదు. "మీ దగ్గర కూతురికి సగమే కదా" అంటాడొకాయన. "మీ స్మృతులు ఆ సగం కూడా ఇవ్వలేదే" అంటాడు రెండో ఆయన. ఇద్దరూ గ్రంథాలు తిరగేస్తారు గానీ, తమ ఇంటి పొలం ఎవరి పేరున ఉన్నదో మాత్రం ఇద్దరూ చెప్పరు. కనుక గ్రంథాలను కాసేపు పక్కన పెట్టి లెక్క వేద్దాం.

ఒక రైతుకు ముప్ఫై రెండెకరాల మెట్ట. తల్లిదండ్రులు లేరు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు. వీలునామా వ్రాయకుండా పోయాడు. అతడు సున్నీ ముసల్మాను అయితే భార్యకు ఎనిమిదో వంతు, అంటే 4 ఎకరాలు, కొడుకుకు 14, కూతుళ్ళకు చెరి 7. అతడు హిందువై, భూమి స్వార్జితమైతే నలుగురికీ తలా 8. ఇంతవరకు హిందూ చట్టానిదే పైచేయి.

అదే భూమి పిత్రార్జితమైతే? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం మితాక్షర సమష్టి కుటుంబాన్ని ముట్టుకోలేదు. కొడుకు పుట్టుకతోనే సగానికి హక్కుదారు. తండ్రి వంతు 16 ఎకరాలు మాత్రమే నలుగురికీ పంచాలి. మన ప్రాంతపు ఆచారం ప్రకారం పంపకంలో తల్లికి విడిగా వాటా లేదు. కాబట్టి కొడుకుకు 20, కూతుళ్ళకు చెరి 4, తల్లికి 4. అంటే స్వతంత్ర భారతంలో మూడు దశాబ్దాలపాటు తెలుగునాట, "సగమే" దక్కే ముస్లిం కూతురికి ఏడెకరాలైతే, "ఆధునిక చట్టం" నీడనున్న హిందూ కూతురికి నాలుగెకరాలు. ఈ జన్మహక్కు సిద్ధాంతం విజ్ఞానేశ్వరుడిది. పదమూడవ శతాబ్దంలోనే కేతన దాన్ని తెనిగించాడు. మనకు అది కొత్తేమీ కాదు, కొడుకుల పక్షాన ఇంట్లో ఇంకిపోయిన సంగతే.

1985 సెప్టెంబరు 5 నుంచి ఎన్.టి.రామారావు ప్రభుత్వం కూతురిని కూడా జన్మతః హక్కుదారును చేసింది. గొప్ప పనే. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళను మినహాయించింది. పెళ్ళయితే కొడుకు కొడుకు కాకుండా పోతాడా? ఆ మినహాయింపు పోవడానికి 2005 కేంద్ర సవరణ దాకా ఆగవలసి వచ్చింది. తండ్రి ఆ నాటికి బ్రతికి ఉండాలా అన్న మీమాంస తీరడానికి 2020లో వినీతా శర్మ కేసు తీర్పు దాకా. ఇప్పుడు మన లెక్కలో కొడుకుకు 10, కూతుళ్ళకు చెరి 10. తల్లికి? 2 ఎకరాలు! కూతుళ్ళు పెరిగారు, తల్లి సగానికి తగ్గింది. సంబరాల హడావిడిలో ఈ అంకె ఎవరికీ కనబడినట్టు లేదు.

అసలు తిరకాసు వీలునామాలో ఉంది. హిందువు తన స్వార్జితమంతా, పిత్రార్జితంలో తన వంతు కూడా, కొడుకొక్కడి పేరున వ్రాసి పోవచ్చు. చట్టంలోని 30వ సెక్షన్ అడ్డు చెప్పదు. అంటే స్వార్జితంలో కూతురి వాటా 8 ఎకరాలు, లేదా సున్న. సున్నీ ముసల్మాను మూడో వంతుకు మించి వీలునామా వ్రాయలేడు. ఆ మూడో వంతు కూడా, తక్కిన వారసులు ఒప్పుకుంటే తప్ప, వారసుల్లో ఒకరికి వ్రాయలేడు. బ్రతికుండగా స్వాధీనం చేసి హిబాగా ఇచ్చే దారి ఉన్నదనుకోండి. కానీ చేతిలోని భూమిని వదులుకోవడానికి తండ్రులు అంత తేలిగ్గా సిద్ధపడరు.

దీనితో షరియత్ పక్షం వారు మురిసిపోనక్కరలేదు. "మగవాడికి పోషణ భారం ఉంది గనుక రెండు వంతులు" అనే సమర్థనను ఎన్నిసార్లు విన్నాం? రెండు వంతులు పుచ్చుకున్న అన్నలలో, విడాకులై తిరిగొచ్చిన చెల్లెల్ని పోషించేవారెందరు? బాబాయిలు బ్రతికి ఉండగా తండ్రి ముందే పోతే తాత ఆస్తిలో మనవలకు చిల్లిగవ్వ రాదు. పాకిస్తాను దీన్ని 1961లోనే సరిదిద్దుకుంది. ఇక్కడ మాత్రం ఆ మాట ఎత్తితే మతానికి ముప్పట!

ఉమ్మడి పౌరస్మృతి మిత్రులకు ఒక ప్రశ్న. ఉమ్మడి అంటే ఎవరి నియమం ఉమ్మడి? 2025 జనవరిలో అమలుకు వచ్చిన ఉత్తరాఖండ్ స్మృతి కూతురికి సమాన వాటా ఇచ్చింది, సంతోషం. కానీ మూడో వంతు కట్టడిని తీసేసి, హిందూ తండ్రికున్న స్వేచ్ఛను అందరికీ పంచింది. రెండింటిలో ఉన్న మేలును కలిపి ఉంటే, సమాన వాటా కూడా, దాన్ని చెరపలేని కట్టడి కూడా ఉండేవి.

ఇక సబ్ రిజిస్ట్రారు కార్యాలయం. అక్కడ మతభేదం లేదు. తండ్రి దినం కాగానే చెల్లెళ్ళ చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టిస్తారు. పెట్టకపోతే పుట్టింటి గడప మూసుకుంటుంది. "పెళ్ళిలో కట్నం ఇచ్చాం కదా" అన్నది హిందూ అన్నగారి జవాబు. ముస్లిం అన్నగారు కూడా ఇప్పుడు అదే నేర్చాడు. 1961 నుంచీ కట్నం నేరం. నేరం చేసి బాకీ తీర్చుకున్నామని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! పైగా ఆ కట్నం వెళ్ళింది ఆమె చేతికి కాదు, అత్తవారి పెట్టెలోకి.

చివరిగా 15వ సెక్షన్. సంతానం, భర్త లేని హిందూ స్త్రీ వీలునామా వ్రాయకుండా పోతే, ఆమె స్వార్జితం కన్నవారి కంటే ముందు భర్త వారసులకు చేరుతుంది. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోయి, అత్తింటివారు గెంటివేస్తే, పుట్టింటివారు చదివించగా ఉద్యోగం చేసుకుని బ్రతికిన ఒకామె సంపాదన విషయంలో సుప్రీంకోర్టు 2009లో ఇదే చెప్పింది: జాలి వేరు, చట్టం వేరు అని. ఆమె సొమ్మంతా ఆ గెంటిన ఇంటికే పోయింది. లా కమిషన్ 2008లో తన 207వ నివేదికలో ఈ సెక్షన్ సవరించమని అప్పటికే సిఫారసు చేసి ఉంది. అది సవరించేదాకా, ఇందాక నేను తిట్టిన వీలునామానే సొంత సంపాదన ఉన్న సోదరీమణులకు దిక్కు. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కరలేదు. మీ సంతకం, మీ ఎదుట ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే సరిపోతుంది.