తెరపై పువ్వు, పెట్టెలో వేరు

సంతలో మల్లె అంటును కొనే గృహిణి ఆకును తిప్పి చూస్తుంది. కాండాన్ని తడుముతుంది. కుండీ అడుగున వేరు కనిపిస్తున్నదో లేదో పరిశీలించి ఆ తరువాతనే బేరమాడుతుంది. ఫోన్ తెరపై ఆర్కిడ్ కొనేవారికి ఈ అవకాశాలేవీ లేవు. కలింపాంగ్‌లోనో, కేరళలోనో ఉన్న నర్సరీ వారు చూపిన చిత్రాన్ని, రాసిన నాలుగు మాటలను నమ్మి ముందుగానే సొమ్ము చెల్లించవలసి ఉంటుంది. ఇంటి ఖర్చులో మిగిల్చిన ఐదారు వందలతో ఒక పువ్వును ఇంటికి తెచ్చుకోవాలనుకునే సోదరికి ఆ సొమ్ము చిన్నది కాదు. అందుచేత కంటికి కనిపించని ఈ బేరంలో ఏది న్యాయమో, ఏది మోసమో విడమరచి తెలుసుకోవడం అవసరం.

తరచుగా వినిపించే ఫిర్యాదు మొక్క పరిమాణం గురించినది. చిత్రంలో గుత్తులుగా పూసిన ఫెలనాప్సిస్. విప్పిన పెట్టెలో రెండంగుళాల కుండీకి సరిపడే రెండాకుల పిల్లమొక్క! ఆర్కిడ్ పిల్లమొక్క పూతకు రావడానికి జాతిని బట్టి మూడు నుండి ఏడేళ్ల వరకు పట్టవచ్చు. నర్సరీల భాషలో 'సీడ్లింగ్' అంటే ఇటువంటి పసిమొక్క; 'బ్లూమింగ్ సైజ్' అంటే పూతకు వచ్చే ఈడు గలది. పిల్లమొక్కను అమ్మడంలో తప్పు లేదు. పువ్వు బొమ్మను ముందు పెట్టి, మొక్క వయసును దాచి ఉంచడమే తప్పు. మనకు పంపబోయే మొక్కనే ఫోటో తీసి చూపమని అడగండి. నిజాయితీపరుడైన విక్రేత దానికి వెనుకాడడు.

రెండవ ఫిర్యాదు మట్టి లేకుండా, వట్టి వేళ్లతో మొక్క వచ్చినదని. ఇందులో చాలాసార్లు విక్రేత దోషం ఉండదు. మనం పెంచుకునే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం అడవిలో చెట్ల బెరడును పట్టుకొని బ్రతికేవే; వాటికి తోటమట్టి అక్కరలేదు. మూడు నాలుగు రోజుల ప్రయాణంలో ఆకులు కొంత వాడినా, తేమ తగిలితే క్రమంగా తేరుకుంటాయి. వేరును నీటితో తడిపి చూడండి. వెండి రంగులో ఉన్నది పచ్చబడితే అది సజీవంగా ఉన్నట్లు. మెత్తబడి, పైపొర ఊడి, లోపలి దారం మాత్రమే మిగిలితే ఆ వేరు చనిపోయినట్లు. మొక్క నడిమి భాగం నల్లబడి దుర్వాసన వస్తుంటే అది కుళ్లు. వెంటనే విక్రేతకు తెలియజేయాలి. బొగ్గు, బెరడు ముక్కల్లో నాటవలసిన మొక్కను ఎర్రమట్టిలో పాతిపెట్టి, అది చనిపోయిన తరువాత అమ్మినవానిని నిందించడం మాత్రం అన్యాయం.

ఇక స్పష్టమైన మోసాలు కొన్ని ఉన్నాయి. ఆర్కిడ్ విత్తనాల పొట్లాలు వాటిలో మొదటివి. ఆర్కిడ్ విత్తనం ధూళి వంటిది. అందులో మొలకకు వలసిన ఆహారం నిల్వ ఉండదు. ప్రకృతిలో ఒక విధమైన శిలీంధ్రం తోడుంటేనే అది మొలకెత్తుతుంది. 1922లో లూయిస్ నడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త శిలీంధ్రం లేకుండానే చక్కెర కలిపిన మాధ్యమంలో వాటిని మొలకెత్తించే పద్ధతిని ప్రకటించాడు. నేటికీ అది క్రిములు లేని గాజుపాత్రల్లో జరిగే పనే గాని పెరటి కుండీలో సాగేది కాదు. రెండవది గాఢనీలి ఫెలనాప్సిస్. సాధారణంగా తెల్లపువ్వుల కాడలోకి రంగు ఎక్కించి వీటిని తయారు చేస్తారు. మరుసటి పూతలో తెల్లపువ్వులే వస్తాయి.

దాచిపెట్టే మరో నిజం వాతావరణం. సింబిడియం చల్లని రాత్రులు లేనిదే సరిగా పూయదు. సిక్కిం కొండల్లో కళకళలాడే ఆ మొక్క మన మైదానాల ఎండల్లో ఏళ్ల తరబడి ఆకులతోనే నిలిచిపోవచ్చు. వేడికి తట్టుకునే డెండ్రోబియం రకాలు, తగిన తేమ ఉంటే వాండాలు మన ప్రాంతాలకు మేలు. “మీ ఊరి వేడికి ఇది పూయదు, వేరొకటి తీసుకోండి” అని చెప్పిన విక్రేత ఒక బేరాన్ని పోగొట్టుకుంటాడు గాని ఒక కుటుంబం నమ్మకాన్ని సంపాదించుకుంటాడు.

తడిసిన ధాన్యాన్ని రాశి లోపల ఉంచి, పొడిగింజలను పైన కనబరచిన వ్యాపారిని దైవప్రవక్త (స) మందలించిన ఉదంతం పాఠకులు ఎరిగినదే. తడిసిన దానిని జనులకు కనిపించేలా పైనే ఉంచవలసినదని ఆయన ఉపదేశం. పువ్వు బొమ్మ పైన, కుళ్లిన వేరు అడుగున ఉంచే వ్యాపారానికి ఇంతకన్నా తగిన పాఠం వేరే లేదు. చూడకుండా కొన్న వస్తువును చూసిన తరువాత బేరాన్ని రద్దు చేసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉన్నదని హనఫీ ధర్మశాస్త్ర పండితులు పేర్కొన్నారు. దీనినే ఖియారె రూయత్ అంటారు.

దేశ చట్టం కూడా ఈ విషయంలో వినియోగదారుని పక్షాననే ఉన్నది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపభూయిష్టమైన, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును తిరిగి తీసుకోవడానికి, సొమ్ము వాపసు ఇవ్వడానికి విక్రేత నిరాకరించరాదు. ఫిర్యాదు అందినట్లు సంస్థ 48 గంటల్లో తెలియజేసి, ఒక నెలలోగా పరిష్కరించాలి. అక్కడ న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుపై ఫోన్ చేయవచ్చు. పెట్టె విప్పుతున్నప్పుడే వీడియో తీసి ఉంచుకోవడం మంచి సాక్ష్యం.

హక్కులు మనవైనప్పుడు బాధ్యతలు కూడా మనవే. బాగున్న మొక్కను చెడిపోయినదని చెప్పి సొమ్ము వాపసు పొందడం పరుల ధనాన్ని అపహరించడమే. మంచి మొక్క పంపినవానిని మెచ్చుకోకుండా, చెడ్డ అనుభవాన్ని మాత్రమే లోకానికి చాటడం కూడా సరైన సాక్ష్యం కాదు. మరొక మాట. నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్లకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది. అనుమతి లేకుండా అడవి నుండి వాటిని పెకలించి అమ్మడం నేరం. “అడవి నుండి నేరుగా” అని గొప్పగా ప్రకటించేవాని వద్ద ఎంత చౌకగా దొరికినా కొనకండి. నర్సరీలో పెంచిన మొక్కేనా అని అడిగి, నమ్మకం కుదిరిన తరువాతనే సొమ్ము చెల్లించండి.