చివరి బస్సు వెళ్లిపోయాక మనం ఎక్కడ కూర్చోవాలి?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం గురించి మొన్న మాటొచ్చినప్పుడు మనలో కొందరు, "కాలనీకి రోడ్డే లేదు, మనకు రైలెందుకు?" అన్నారు. ఆ కోపం న్యాయమే. కానీ మేము వేరేగా ఆలోచిస్తున్నాం.

2011–12 రైల్వే బడ్జెట్‌లో మంజూరైన ఈ లైను పొడవు దాదాపు 309 కిలోమీటర్లు. మన పక్క వరికుంటపాడు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి మీదుగా పోవాలి. ఉదయగిరి ఊళ్లోకి పట్టాలు రావు. అంటే రేపు రైలొచ్చినా ఉదయగిరి పిల్లోడు స్టేషన్‌కి పోవాలంటే బస్సే దిక్కు. పట్టాలు నేరుగా పోవాలి, భూమి దొరకాలి కాబట్టి స్టేషన్లు తరచుగా ఊరి బయట పడతాయి. ఆటోలో ఊళ్లోకి రావడానికే టికెట్టంత డబ్బు పెట్టాల్సొస్తే ఆ రైలు మనది కానట్టే.

ఇప్పుడు మన దారి చూడండి. ఆత్మకూరు నుంచి నెల్లూరు దాదాపు 60 కిలోమీటర్లు, ఉదయగిరి నుంచి వంద దాకా. యానాదుల ఐటీడీఏ నెల్లూరులోనే. పెద్దాసుపత్రి, పరీక్షా సెంటరు, చెన్నై రైలు, విజయవాడ రైలు అన్నీ అక్కడే. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు అని పేరు పెట్టి మరీ ఒక బస్టాండు ఉంది, మెయిన్ బస్టాండు ఇంకోచోట. కొత్తగా వచ్చినోళ్లకి రైలు దిగాక ఏ బస్టాండుకి పోవాలో చెప్పే బోర్డు ఒకటి స్టేషన్ గేటు దగ్గరే కనిపించాలి.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం. మన అమ్మలకి, చెల్లెళ్లకి పెద్ద మేలు. కానీ రైలు పదింటికొచ్చి, బస్సు తొమ్మిదింటికే వెళ్లిపోతే ఆ ఉచితం కాగితం మీదే. బస్సు ఉచితం, రాత్రంతా కాపలా మాత్రం మనది.

మాలో ఇద్దరం ఒకసారి పరీక్ష రాసి వస్తుంటే రైలు లేటయింది. చివరి బస్సు పోయింది. లాడ్జికి డబ్బుల్లేవు. ఒక స్టేషన్ బయట మెట్ల మీద కూర్చున్నాం. ఒకాయన వచ్చి, "ఎవర్రా మీరు, యా ఊరు, సంచిలో ఏముంది?" అన్నాడు. హాల్ టికెట్ చూపించాం. పక్కన చొక్కా నలగని వాళ్లు కూడా బస్సు కోసమే కూర్చొని ఉన్నారు. వాళ్లని ఎవరూ అడగలేదు.

ఇది మనకి కొత్త కాదు. నేరస్థ తెగల చట్టం కింద మన ముత్తాతలు హాజరు వేయించుకోవాల్సొచ్చేది, ఊరు దాటాలంటే అనుమతి కావాల్సొచ్చేది. మన జిల్లాలోనే కావలిలో ఎరుకల సెటిల్‌మెంట్ ఉండేది. పక్కనే రైలు పోతున్నా, ఎక్కాలంటే చేతిలో చీటీ ఉండాలి. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. చట్టం పోయింది, చూపు పోలేదు. అందుకే వేరేవాళ్లకి అసౌకర్యం అనిపించే నాలుగు గంటల ఎదురుచూపు మనకి అవమానం అవుతుంది.

రైలు, బస్సు కలిసే చోటంటే చాలామందికి అద్దాల బిల్డింగు, ఎస్కలేటరు గుర్తొస్తాయి. చెన్నై శివారు కిలాంబాక్కంలో 2023 డిసెంబరు 30న పెద్ద బస్ టెర్మినస్ ప్రారంభించారు. దాని పక్కన ఆగాల్సిన లోకల్ రైలుకి స్టేషన్ మాత్రం అప్పటికి లేదు. బస్సు దిగినోళ్లు రైలు కోసం వండలూరు పోవాల్సొచ్చింది. బిల్డింగు కట్టడం, కలపడం ఒకటి కాదని అక్కడే అర్థమైపోయింది.

మనం అడగాల్సినవి పెద్దవేం కావు.

ఒకటి: రాత్రి రైళ్ల టైము చూసి చివరి బస్సు టైము పెట్టాలి. రైలు లేటైతే కొంచెంసేపు ఆపాలి. ఉదయగిరిలో, ఆత్మకూరులో ఆర్టీసీ డిపోలు ఉన్నాయి, అక్కడికే అర్జీ పెడదాం.

రెండు: స్టేషన్ దగ్గర టికెట్ లేనివాళ్లు కూడా తెల్లారేదాకా కూర్చునే షెడ్డు కావాలి. లైటు, నీళ్లు, ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఉండాలి.

మూడు: వరికుంటపాడు, వింజమూరు, ఆత్మకూరు స్టేషన్లకి మ్యాపు మీదే బస్సు ఆగే జాగా చూపించాలి. కట్టేశాక అడిగితే జాగా లేదంటారు.

కాలనీ రోడ్డు అడుగుదాం, ఇదీ అడుగుదాం. ఒకటి అడిగితే ఇంకోటి వదులుకున్నట్టు కాదు. మన వాళ్లు రొయ్యల గుంటలకి, ఇటుక బట్టీలకి, కాలేజీలకి పోతూనే ఉంటారు. పోయేవాళ్లు తిరిగి ఇంటికి చేరే దారి కూడా ఉండాలి కదా.

రాత్రిపూట ఇరుక్కుపోయిన అనుభవం ఉన్నోళ్లు తేదీ, రైలు, ఎన్నింటికి దిగారు, బస్సు ఎప్పుడు దొరికింది అనేది కింద రాయండి. అన్నీ కలిపి అర్జీకి జతచేద్దాం. కోపం కంటే లెక్క గట్టిగా మాట్లాడుతుంది.

జై భీమ్. జై ఆదివాసీ.