రూపాయికి కులం లేదా?

"రూపాయికి కులం లేదు. నాలుగు రాళ్లు వెనకేసుకోండి, కులం దానంతటదే పోతుంది" అని మన వాడల్లోకొచ్చి చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. మన చదువుకున్న పిల్లలు కొందరు కూడా అదే పాట ఎత్తుకున్నారు. ఇంకోపక్క స్వాములవార్లు డబ్బు మట్టితో సమానం, తృప్తే అసలైన ధనం అంటున్నారు. ఈ ఇద్దరి మాటా మేం ఒప్పుకోం. ఎందుకో చెప్తాం.

ముందు స్వాముల సంగతి. తృప్తి పడమని ఎవరికి చెప్తున్నారు? వందెకరాల ఆసామికి చెప్పరు, మనకే చెప్తారు. మన తాతల చేతిలో డబ్బు ఆడనియ్యలేదు. పాలేరుకి ఏడాది జీతం గింజల్లోనే. ఏడాదంతా చెప్పులు కుట్టిన మాదిగకి కళ్లంలో కొలిచి పోసే గింజలే కూలి, అదీ ఆసామి కొలతే. పెళ్లికో చావుకో తెచ్చిన అప్పు కింద కొడుకు కూడా అదే దొడ్లో పాలేరు. అట్లాంటి వెట్టిని రద్దు చేస్తూ కేంద్రం చట్టం చేసింది 1976లో. కూలి రూపాయల్లో చేతికొచ్చిన రోజు మనకి కాస్త ఊపిరి ఆడింది. ఈ ఆసామి కాకపోతే ఇంకో ఆసామి అనగలిగాం, బస్సెక్కి పట్నం పోగలిగాం. కాబట్టి డబ్బును మేం తక్కువ చెయ్యం. బాబాసాహెబ్ కూడా చెయ్యలేదు. రూపాయి సమస్య మీదే పరిశోధన చేసి 1923లో పుస్తకం అచ్చేసిన మనిషి ఆయన.

ఇక రూపాయికి కులం లేదనేవాళ్ల సంగతి. 1991 జులై 24న ఢిల్లీలో బడ్జెట్ పెట్టి మార్కెట్‌కి తలుపులు బార్లా తెరిచారు. అదే జులైలో చుండూరులో గొడవ రాజుకుంది. ఎక్కడ? సినిమా హాల్లో! చదువుకున్న దళిత కుర్రవాడి కాలు అగ్రకులం వాడికి తగిలింది. టిక్కెట్టు ఇద్దరూ కొన్నారు. ఇద్దరి రూపాయినీ బుకింగులో ఒకేలాగా తీసుకున్నారు. లోపల మాత్రం కాలు తగలడమే నేరమైంది. ఊరు ఊరంతా మనవాళ్లని వెలేసింది, పనుల్లోకి పిలవడం మానేసింది. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. బడ్జెట్ పెట్టిన 13వ రోజు అది!

చుండూరు కరువు పల్లె కాదు, పచ్చని డెల్టా. కారంచేడు కూడా డబ్బున్న ఊరే. మంచినీళ్ల చెరువును మురికి చెయ్యొద్దన్నందుకు మొదలైన గొడవలో 1985 జులై 17న ఆరుగురిని చంపినవాళ్లు కూటికి లేనివాళ్లు కారు. డబ్బు పెరిగితే కులం పోయేటట్టయితే ముందు ఆ ఊళ్లలో పోవాలి గదా! పోకపోగా పెత్తందారీ కులానికి ఇంకా బలమొచ్చింది.

ఫ్యాక్టరీ వస్తే కులం పోతుందా? అదీ చూశాం. బొంబాయి బట్టల మిల్లుల్లో కూలి ఎక్కువుండే నేత ఖాతాలోకి మనవాళ్లని రానియ్యలేదు. తెగిన దారాన్ని నోటితో తడిపి అతకాలి, అంటరానివాడి ఎంగిలి తగులుతుందని తోటి కార్మికులే అడ్డుపడ్డారు. యజమాని తన లాభం తాను చూసుకుని ఊరుకున్నాడు. 1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో బాబాసాహెబ్ మన శత్రువులు ఇద్దరన్నాడు: బ్రాహ్మణవాదం ఒకటి, పెట్టుబడిదారీ విధానం ఒకటి. కామ్రేడ్లు రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేశారు. మార్కెట్ భక్తులేమో ఆ రెండో శత్రువునే మందు అని మనచేత మింగించాలని చూస్తున్నారు.

మరి విలువైనదేది? ఇదిప్పుడు ఉబుసుపోక అడిగే ప్రశ్న కాదు. పేదలకిచ్చిన అసైన్డ్ భూములు చెయ్యి జారకుండా 1977లో చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఆ చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు. "ఆసామికి అమ్ముకునే హక్కుంది, మనకెందుకుండకూడదు?" అని మనవాళ్లు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. హక్కు ఉండాలి. కానీ కొనేదెవరు? డబ్బున్నవాడే గదా! ఆ లక్షలు అప్పులకీ ఆసుపత్రికీ ఎన్నాళ్లొస్తాయి? అవి అయిపోయాక అదే చేలో, అదే గట్టు మీద మళ్లీ కూలికి నిలబడేదెవరు?

ఎకరం చేతిలో ఉంటే పనిలోకి పిలవకపోయినా నాలుగు రోజులు తట్టుకోగలం. వెలివేతకి జవాబు అదే. అందుకే 1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు'లో బాబాసాహెబ్ భూమిని ప్రభుత్వపరం చేసి కులమత భేదం లేకుండా ఊరివాళ్లకిచ్చి ఉమ్మడి సేద్యం చేయించాలన్నాడు. భూస్వామీ, కౌలుదారూ, భూమిలేని కూలీ ఎవరూ ఉండకూడదన్నాడు. రాజ్యాంగంలో దానికి చోటు దొరకలేదు. మన పోరాటంలో దొరకాలి.

అన్నల్లారా, అక్కల్లారా! కూలి కోసం కొట్లాడండి. ఆడకూలీ మగకూలీ సమానంగా అడగండి. డబ్బు వస్తే పిల్లల చదువుకి పెట్టండి. పట్టా కాగితం మాత్రం ఎవడి చేతిలోనూ పెట్టకండి. అవసరమొస్తే ముందు వాడలో నలుగుర్నీ పిలిచి చెప్పండి, సంఘానికి చెప్పండి. అమ్మమని సలహా ఇచ్చేవాణ్ణి ఒక్క మాట అడగండి: "నీ భూమి ఎప్పుడమ్ముతున్నావయ్యా?"

జై భీమ్!