పాత పంచాంగంతో ముహూర్తం పెట్టకండి

పోయిన నవంబరులో నేను చేసిన పొరపాటు చెప్తాను. మీరైనా జాగ్రత్త పడతారని.

తెనాలిలో మా అమ్మ రాత్రి ఎనిమిదింటికి ఇన్సులిన్ వేసుకుని భోంచేస్తుంది. నేను ఫోన్ చేసి గుర్తుచేస్తాను. పైథాన్ నేర్చుకుంటున్నాను కదా అని దానికో చిన్న అలారం ప్రోగ్రాం రాసుకున్నా. ఇండియా టైంలోంచి పన్నెండున్నర గంటలు తీసెయ్యడం, అంతే. వేసవంతా ఇక్కడ రెడ్‌మండ్‌లో పొద్దున్న 7:30కి ఠంచనుగా మోగింది.

నవంబరు మొదటి ఆదివారం మన గడియారాలు గంట వెనక్కి వెళ్లాయి. తేడా పదమూడున్నర అయింది. నా అలారం మాత్రం 7:30కే మోగింది. అప్పటికి అక్కడ రాత్రి తొమ్మిది. "నీ ఫోన్ కోసమే కూర్చున్నానే, ఇంకా తినలేదు" అంది అమ్మ, నీరసంగా.

ప్రోగ్రాంలో అంకె రాయకూడదు, ఊరి పేరు రాయాలి. ఏ దేశంలో గడియారం ఎప్పుడు మారుతుందో చెప్పే ఐఏఎన్ఏ పట్టిక ఒకటుంది. అందులో ఇండియా మొత్తానికీ ఏషియా/కోల్‌కతా, మనకేమో అమెరికా/లాస్_ఏంజెలెస్. పైథాన్ 3.9 నుంచి ఉన్న జోన్‌ఇన్ఫో ఆ పట్టిక చూసే లెక్క కడుతుంది.

అయితే ఇదీ పంచాంగం లాంటిదే, పాతది పనికిరాదు. 2022లో మెక్సికోలో చాలా భాగం గంట మార్చడం మానేసింది. 2023లో ఈజిప్టు మళ్లీ మొదలుపెట్టింది. మన వాషింగ్టన్ రాష్ట్రం ఏడాదంతా వేసవి టైమే ఉంచాలని 2019లో చట్టం చేసింది, కాంగ్రెస్ ఒప్పుకుంటేనే అమలు. అలా మారిన రోజున పాత పట్టిక ఉన్న ప్రోగ్రాం మళ్లీ గంట తప్పుతుంది.

చూసుకోవడం తేలికే. విండోస్‌లో ఈ పట్టికను విడిగా పెట్టుకోవాలి. కమాండ్ విండోలో ఇంగ్లీషు అక్షరాలతో "పిప్ షో టీజెడ్‌డేటా" అని కొడితే వెర్షన్ కనిపిస్తుంది. 2025.2 అంటే 2025లో వచ్చిన రెండో విడుదల. పాతదైతే "పిప్ ఇన్‌స్టాల్ --అప్‌గ్రేడ్ టీజెడ్‌డేటా" కొట్టండి. మ్యాక్ అయితే ముందు దాని సొంత పట్టికనే చూస్తుంది, కాబట్టి సిస్టం అప్‌డేట్లు వాయిదా వెయ్యకండి. తర్వాత ప్రోగ్రాం ఆపి మళ్లీ నడపండి.

ఇండియా రాత్రి ఎనిమిది ఇక్కడ ఎంతని అడిగి చూడండి. జులైలో 7:30, డిసెంబరులో 6:30 రావాలి.

మార్చి రెండో ఆదివారానికి ముందే ఈ పని చేసుకోండి. నేను ఇంకోటి కూడా చేశా. "నా ఫోన్ వచ్చినా రాకపోయినా ఎనిమిదింటికి తినెయ్యమ్మా" అని చెప్పా.