పుట్టింటికి చేరిన కోడిపుంజు చేప

అక్వేరియం షాపులో అడుగు పెట్టగానే పిల్లలు వేలు చూపించే చేప ఒకటుంటుంది, చూసే ఉంటారు. ఒళ్ళంతా కాటుక నలుపు, తోక ఒక్కటే పండు మిరపకాయ ఎరుపు. షాపువాళ్ళు రెడ్ టెయిల్ షార్క్ అంటారు. షార్కూ కాదు, పాడూ కాదు. మనం పులుసు పెట్టుకునే శీలావతి, బొచ్చెల కుటుంబానిదే ఇదీను. దాని పుట్టిల్లు థాయ్‌లాండ్‌లోని చావో ఫ్రాయా నదీ ప్రాంతం. ఇవాళ దేశదేశాల్లో గాజుతొట్లలో తిరుగుతున్నవి దాదాపు అన్నీ ఫారాల్లో హార్మోను ఇంజెక్షన్లతో గుడ్లు పెట్టించి పెంచినవే. మరి ఆ నదిలో ఎన్ని ఉన్నాయి? 1996 నాటికి ఒక్కటీ మిగల్లేదనుకున్నారు. 2011లో ఒకే ఒక్క చోట మళ్ళీ కంటబడింది. ఊరూరా దొరికే చేపకి సొంతూళ్ళో చోటు లేదన్నమాట!

ఫారాల్లో లక్షలకొద్దీ పెరుగుతున్నాయి కదా, ఇంక బెంగెందుకు అనిపించవచ్చు. ఫారంలో పిల్లల్ని చేయించడం వ్యాపారం. ఆ పిల్లల్ని నదికి తిరిగి పంపడమంటే అది వేరే పని, చాలా ఓపిక కావాల్సిన పని. ఆ ఓపిక పట్టినవాళ్ళు మెక్సికోలో ఉన్నారు.

అక్కడ హలిస్కో రాష్ట్రంలో టెకీలా అనే అగ్నిపర్వతం దగ్గర తెయుచిత్లాన్ అనే ఊరుంది. ఊటనీళ్ళతో పారే చిన్న నది, దాని పేరూ అదే. అందులో ఏడు సెంటీమీటర్లు దాటని చేప ఒకటి ఉండేది. మగచేప తోకకి నారింజరంగు అంచు. అది చూసి ఊళ్ళో పెద్దవాళ్ళు దాన్ని ‘గయీతో’, అంటే చిన్న కోడిపుంజు, అని ముద్దుగా పిలుచుకునేవారు. శాస్త్రజ్ఞులేమో ‘జూగోనెటికస్ టెకీలా’ అన్నారు. చిత్రమేమిటంటే ఈ శాస్త్రీయ నామం పెట్టింది 1998లో. అంటే బారసాల అయ్యేసరికే ప్రాణం మీదికి వచ్చింది. మురికినీళ్ళు, మనుషుల తాకిడి, ఎక్కణ్ణుంచో తెచ్చి వదిలిన పరాయి చేపలు, ఇవన్నీ కలిసి 2003 నాటికి నదిలో అది లేకుండా చేశాయి.

ఈ జాతి ఆడచేప సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. ‘గప్పీలు కూడా కంటాయిగా’ అనకండి. గప్పీ పిల్ల కడుపులో ఉన్నంతకాలం చాలావరకు గుడ్డులోని పచ్చసొన మీదే ఆధారపడుతుంది. ఈ మెక్సికో చేపల పిల్లకి మాత్రం వెనకభాగం నుంచి రిబ్బన్లలాంటి పోగులు వస్తాయి. వాటితో అది తల్లి కడుపులోని పోషకాలను పీల్చుకుంటుంది. మన బొడ్డుతాడు చేసే పనే ఇంచుమించు. పుట్టాక ఆ పోగులు వాటంతట అవే పోతాయి. తల్లి రెండు నెలలు మోస్తుంది. కనేది తక్కువమందినే, కానీ కాస్త ఎదిగిన పిల్లల్ని కంటుంది. చేపకి తల్లి ప్రేమేమిటి అనేవాళ్ళు ఈ ఏర్పాటు చూసి ఏమంటారో!

నదిలో పోయినా చేప పూర్తిగా పోలేదు. ఎందుకంటే కొందరు యూరప్ అక్వేరియం ప్రియుల ఇళ్ళల్లో అది బతికే ఉంది. మనం పాత చీరలు దాచుకున్నట్టు, వాళ్ళకి ఇలాంటి అరుదైన చేపల్ని దాచుకోవడం సరదా. 1998లో మెక్సికోలోని మిచోవకాన్ యూనివర్సిటీ వాళ్ళు తమ దేశపు చేపల్ని కాపాడడానికి ఒక లేబరేటరీ మొదలుపెట్టారు. ఇంగ్లండులోని చెస్టర్ జూ సాయం చేసింది. ఐవాన్ డిబుల్ అనే ఇంగ్లీషు అక్వేరియం ప్రియుడు ఐదు జంటల్ని తీసుకువెళ్ళి అప్పగించాడు. పది చేపలు! ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, పదిహేనేళ్ళపాటు ఆ పదింటి సంతానాన్నే పెంచుకొచ్చారు.

తొట్టిలో పెరిగిన చేపని నదిలో వదిలితే చచ్చిపోతుందని చాలామంది అన్నారట. ఆ మాట కొట్టిపారేయాల్సింది కాదు. వేళకి మేత వేసే చెయ్యి తప్ప అది ఏమెరుగును? తనని మింగే చేపని చూడలేదు, పురుగూ పుట్రా అంటుకోలేదు. నీడలో పెంచిన నారుని ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నం ఎండలో నాటితే వడిలిపోదూ? అందుకని 2012లో నలభై మగ, నలభై ఆడ చేపల్ని యూనివర్సిటీలోనే తవ్వించిన పెద్ద చెరువులో వదిలారు. అక్కడ మేత ఒకరోజు దొరుకుతుంది, ఒకరోజు దొరకదు. పోటీ చేపలున్నాయి, శత్రువులున్నారు, రోగాలున్నాయి. కొన్నేళ్ళకి ఎనభై కాస్తా పదివేలయ్యాయని లెక్క తేలింది.

అప్పుడు నదిలో తేలే పంజరాలు కట్టి ముందు వాటిలో ఉంచారు. నీళ్ళు పడ్డాయని నమ్మకం కుదిరాక, గుర్తులు వేసి, 2017 చివర్లో సుమారు 1,500 చేపల్ని వదిలారు. ఆరు నెలల్లో వాటి సంఖ్య 55 శాతం పెరిగింది. 2021 చివరికల్లా నదిలో మరో చోటికి కూడా పాకాయి. 2022 నవంబరులో, అక్కడివాళ్ళు చనిపోయిన పెద్దల్ని తలుచుకునే పండుగ రోజుల్లో, ఇలాగే మాయమైపోయిన ఇంకో బంగారురంగు చేపని కూడా అదే నదికి చేర్చారు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది లేబరేటరీ పని కాదు. ఊరివాళ్ళు. ఈ పరిశోధనకి ముందునిలిచిన ఒమార్ డొమింగెస్ బృందం మొదట్లో చెప్పిన మాటలు ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు. వీళ్ళు విసుక్కోకుండా ఏళ్ళతరబడి తోలుబొమ్మలాటల్లాంటి బొమ్మలాటలు ఆడించారు, పిల్లలతో ఆటలాడించారు, ఈ చేప డెంగీ దోమల్ని అదుపులో పెడుతుందని తల్లులకి చెప్పారు. చివరికి పిల్లలే ఎక్కువగా ఉన్న ‘నది కాపలాదారులు’ అనే దండు తయారైంది. చెత్త ఏరతారు, పరాయి మొక్కల్ని పీకుతారు. కొన్నిచోట్ల పశువుల్ని నీళ్ళలోకి దిగనివ్వడం మానేశారు. నది బాగుపడకపోతే పదివేల చేపలు వదిలినా ఫలితమేముంది?

దోమల మాట వచ్చింది కనక మన సంగతి. మనకీ దోమల కోసం చేపల్ని వదిలే అలవాటుంది. గంబూసియా పుట్టింది అమెరికాలో. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. ఇవాళ్టికీ మలేరియా పేరు చెప్పి చెరువుల్లో గుమ్మరిస్తూనే ఉన్నారు. అది దోమ లార్వాతో సరిపెట్టుకోదు, మన చిన్న చేపల గుడ్లూ పిల్లలూ కూడా స్వాహా. ఇంట్లో నీళ్ళతొట్టిలో, బయటికి పోయే దారి లేనిచోట అయితే సరే, వాగులో వద్దు. అద్దం నాకి శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప మరీ ఘోరం. కొన్నప్పుడు వేలెడంత, తర్వాత అడుగు దాటుతుంది. తొట్టి చాలక చెరువులో వదిలేస్తారు. అలా చేరినవే ఇప్పుడు మన చెరువుల్లో వలలు చించుతున్నాయి. జాలరులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు.

కనక ఇంట్లో చేపలు ఎక్కువైతే కాలవలో పొయ్యకండి, పుణ్యం రాదు. కొన్న షాపుకే ఇవ్వండి, తెలిసినవాళ్ళకి ఇవ్వండి. అరుదైన రకమేదైనా దొరికితే దాన్ని ఇంకో రకంతో కలపకుండా వేరే తొట్టిలో పెట్టి, ఏ చేప, ఎక్కడిది, ఎప్పుడు కొన్నారు అనేది చీటీ రాసి అంటించండి. ఊరగాయ జాడీలకి అంటించినట్టే. ఫలానా చేప అని నమ్మకంగా చెప్పగలిగింది కాబట్టే ఆ పది చేపలూ పనికొచ్చాయి. తీసుకునేవాళ్ళు ఎవరూ లేకపోతే ఆడవీ మగవీ విడదీసి పెట్టండి. గప్పీలైతే మాత్రం వెంటనే ఫలితం ఆశించకండి. ఒక్కసారి మగదానితో కలిసిన ఆడ గప్పీ, విడదీశాక కూడా కొన్ని నెలలపాటు మళ్ళీ మళ్ళీ పిల్లల్ని పెడుతూనే ఉంటుంది.