స్కాలర్‌షిప్ పేజీకి పలికే ధర చుండూరుకు పలకదు

1920 జనవరి 31న బాబాసాహెబ్ అంబేడ్కర్ ‘మూక్‌నాయక్’ మొదలుపెట్టారు. ఆ పత్రిక వస్తోందని చెప్పే ప్రకటనను, డబ్బులిస్తామన్నా ‘కేసరి’ వేయలేదని తర్వాత ఆయనే రాశారు. షాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయల ఆసరా ఉన్నా మూక్‌నాయక్ ఎన్నో ఏళ్లు నడవలేదు. ప్రకటనల ఆదాయం లేకుండా ఏ పత్రికా బతకదనీ, ప్రకటనలిచ్చే వ్యాపారులంతా కాంగ్రెస్ వెంట ఉన్నారు కాబట్టి అంటరానివారు సొంత పత్రికను నిలబెట్టుకోలేకపోతున్నారనీ ఆయన 1940లలో రాశారు.

ఇప్పుడు ‘మీకు ప్రకటన ఇవ్వం’ అని ఎవరూ మొహం మీద చెప్పరు. ఆ పని వేలంపాట చేసేస్తుంది. మనం ఒక పేజీ తెరిచే లోపే అందులోని ఖాళీ చోటు కోసం కంపెనీల తరఫున కంప్యూటర్లు పాట పాడతాయి. బీమా, బ్యాంకు రుణాలు, విదేశీ చదువులు, ఆన్‌లైన్ కోర్సుల పేజీలకు పాట పెద్దగా పలుకుతుంది. అక్కడ ఒక్క కస్టమర్ దొరికినా కంపెనీకి వేల రూపాయలు మిగులుతాయి. మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చనిపోయిన కార్మికుడి వార్త పక్కన అమ్ముకోవడానికి ఎవరికీ ఏమీ ఉండదు. దానికి తోడు భాష. యాడ్‌సెన్స్ 2003లో మొదలైతే తెలుగుకు ఆ సౌకర్యం వచ్చింది 2018లో. ఇంగ్లీషు పేజీకి వచ్చే రేటు తెలుగు పేజీకి ఇప్పటికీ రాదు.

ఇంకో అడ్డు కూడా ఉంది. తమ బ్రాండ్ ‘సురక్షితంగా’ ఉండాలని ప్రకటనకర్తలు నిషిద్ధ పదాల జాబితాలు పెట్టుకుంటారు. హత్య, దాడి, అత్యాచారం లాంటి మాటలున్న పేజీకి ప్రకటన వెళ్లదు. ఈ జాబితాల్లో ‘ముస్లిం’, ‘గే’ లాంటి మాటలు కూడా ఉంటున్నాయని, ఇకపై వాటిని ఒప్పుకోబోమని అమెరికాలో వైస్ మీడియా 2019లో ప్రకటించాల్సి వచ్చింది. కారంచేడు, చుండూరు ఇవాళ జరిగి ఉంటే, ఆ పదాలు వాడకుండా ఒక్క పేరా అయినా రాయగలమా? అంటే మన మీద జరిగిన హింసను ఉన్నదున్నట్టు రాసినందుకే మన పేజీకి జరిమానా పడుతుందన్నమాట.

నేను రెండు రకాల సైట్ల లెక్కలు చూస్తుంటాను. ఒకటి స్కాలర్‌షిప్‌లు, ఉద్యోగ నోటిఫికేషన్లు ఇచ్చేది. రెండోది కులం, భూమి, దాడుల గురించి రాసేది. ఉదాహరణకు వెయ్యి వీక్షణలకు మొదటిదానికి 80 రూపాయలు, రెండోదానికి 10 రూపాయలు వస్తాయనుకుందాం. గంటలో రాసిన నోటిఫికేషన్‌ను 20 వేల మంది చూస్తే 1,600 రూపాయలు. ఊరికి వెళ్లి, బాధితులతో మాట్లాడి, ఎఫ్‌ఐఆర్ కాపీ సంపాదించి నాలుగు రోజుల్లో రాసిన కథనాన్ని 5 వేల మంది చదివితే 50 రూపాయలు. అది బస్సు చార్జీకి కూడా చాలదు.

ఈ లెక్క చూసినవాళ్లు వెంటనే చెప్పే సలహా ఒకటుంది: ఏ సైటు ఖర్చు ఆ సైటే సంపాదించుకోవాలి, లేకపోతే మూసేయాలి. ఇది మనకు కొత్త మాట కాదు. అందరినీ ఒకే గీత మీద నిలబెట్టాం, ఇక పరుగెత్తండి అనే మెరిట్ వాదన ఇదే. ఆ గీత ఎవరు గీశారని అడిగే హక్కు రిజర్వేషన్ల విషయంలో మనకెంత ఉందో, ప్రకటనల రేట్ల విషయంలోనూ అంతే ఉంది. కాబట్టి రెండు సైట్ల ఆదాయం ఒకే ఖాతాలో పడాలి. మొదటి సైటు ఆదాయంలో ఇంత భాగం క్షేత్రస్థాయి వార్తలకని ఏడాది మొదట్లోనే రాసి పెట్టుకోవాలి. నెలనెలా మిగిలితే ఇద్దామనుకుంటే ఏ నెలా మిగలదు.

అయితే ఖాతా కలిపినంత మాత్రాన చిక్కు తీరదు. స్కాలర్‌షిప్ పేజీకి అంత ధర ఎందుకు పలుకుతోంది? ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక, కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వక, డబ్బు కోసం వెతుక్కుంటున్న విద్యార్థి అక్కడ దొరుకుతాడు కాబట్టి. ఆ అవసరానికే పాట పలుకుతోంది. ఆ పాటలో అప్పుల యాప్‌లూ ఉంటాయి. 2020 డిసెంబరులో తెలంగాణలో ఇలాంటి యాప్‌ల వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు అరెస్టులు చేశారు. రిజర్వ్ బ్యాంకు 2022లో డిజిటల్ రుణాలకు మార్గదర్శకాలు తెచ్చింది. మన పిల్లలను అప్పుల యాప్ చేతిలో పెట్టి, ఆ డబ్బుతో మన పిల్లల మీద జరిగే అన్యాయం గురించి రాయడం నాకు సమ్మతం కాదు. ఎలాంటి ప్రకటనలు వద్దో ఎంచుకునే వీలు సైటు నడిపేవారికి ఉంది. తక్షణ రుణాలు, జూదం, ర్యాంకు గ్యారంటీ అనే కోచింగ్ సెంటర్లు, వీటిని ఆపేయాలి. ఆదాయం తగ్గుతుంది. తగ్గనివ్వాలి.

ఆ తగ్గిన మేర పూడ్చాల్సింది పాఠకులే. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ చేసిన అధ్యయనం న్యూస్‌రూముల్లో 121 నాయకత్వ స్థానాలను పరిశీలిస్తే 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి, ఎస్సీ ఎస్టీలు ఒక్కరూ లేరు. ఆ న్యూస్‌రూములు వదిలేసిన వార్తలను చిన్న సైట్లు రాస్తున్నాయి. ఆ కథనాలే విశ్వవిద్యాలయాల్లో సెమినార్ పత్రాలకు, పీహెచ్‌డీ అధ్యాయాలకు ముడిసరుకు అవుతున్నాయి. వాటిని ఉటంకించే అధ్యాపకులు నెలకు ఒక చందా కట్టాలి. జీతం లేని విద్యార్థులు చందా కట్టనక్కర్లేదు. కామర్స్, కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లు ఇలాంటి ఒక సైటు లెక్కలు చూసిపెట్టినా, ప్రకటనల అమరికలు సరిచేసినా చాలు. సైటు నడిపేవాళ్లు ఏడాదికోసారి ఆదాయం ఎక్కడినుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో పాఠకుల ముందు పెట్టాలి. చందా అడిగేవాళ్లకు లెక్క చెప్పే బాధ్యత కూడా ఉంటుంది.